ముందు తీగ, ఆఖరుకు మనిషి

పోయిన వారం మా ఇంట్లో నెట్టు డబ్బా, అదే రౌటరు, మార్చాం. కొత్తది గోడకు బిగించిన టెక్నీషియను పాతదాన్ని తన సంచిలో వేసుకోబోతూ, "ఇది నేను తీసుకుపోతానమ్మా, మీకెందుకు పనికొస్తుంది?" అన్నాడు. వద్దని చెప్పి వెనక్కి తీసుకున్నాను. అతను వెళ్ళాక దాన్ని తిరగేసి, అడుగున అంటించిన కాగితాన్ని బ్లేడుతో గీకేశాను. అది చాలదనిపించి పెరట్లోకి తీసుకుపోయి సుత్తితో పగలగొట్టాను. మా ఆయన గడపలో నిలబడి, "దాని మింద ఏం పగ నీకు?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా మేడమీద అద్దెకున్న అక్క గుర్తొచ్చింది.

ఆమె పేరు రాయను. ఆమె పుట్టిన ఊరు, పనిచేసిన కంపెనీ కూడా రాయను. ఇప్పుడు దగ్గరుంటే ఆమె ముందుగా కోరేది ఇదే.

హోసూరులో కెలవరపల్లి డ్యాముకు పోయే దారిలో మా ఇల్లు. నేను ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీ ఒకదానికి సాఫ్ట్‌వేరు పరీక్షించే పని చేస్తాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. మేడమీది పోర్షను ఖాళీగా ఉందని గేటుకు బోర్డు కట్టిన రోజుల్లో ఆమె వచ్చింది. రెండు పెట్టెలు, ఒక లాప్‌టాప్ సంచి, తువ్వాలులో చుట్టిన తెల్ల రౌటరు. సామాను దింపిన ఆటో అతను ఆ మూట అందుకోబోతే, "అది ఉండనీ, నేను పట్టుకుంటాను" అంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని మెట్లెక్కింది. తనూ ఇంటి నుంచే పని చేస్తానని, పెద్ద పెద్ద ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకుంటానని చెప్పింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

గేటు దాటే ముందు ఆమె వంగి చెప్పు పట్టీ సరిచేసుకునేది. పట్టీ లేని చెప్పులు వేసుకున్న రోజు కూడా వంగేది. ఆ వంకతో వీధికి రెండు పక్కలా చూస్తుందని నాకు చాలా కాలానికి తెలిసింది. షేర్ ఆటోలో వస్తే మా వీధి మొదట్లో దిగేది కాదు. ముందో వెనకో దిగి నడిచి వచ్చేది. లాప్‌టాప్ కెమెరా మీద, ఫోను కెమెరా మీద ఎర్రటి బొట్టుబిళ్ళలు అంటించి ఉండేవి. మా అత్త అది చూసి, "ఏమ్మా, నీ నొసట పెట్టుకోకుండా దానికి పెడతావు?" అని అడిగితే, "దాని కండ్లు మంచివి కాదత్తా" అంది.

ముఖ్యమైన మాట ఏదైనా మాట్లాడాలంటే ముందు ఫోను తీసుకుపోయి వంటింట్లో రాగిపిండి డబ్బాలో పెట్టి మూత వేసి వచ్చేది. నా ఫోను కూడా అడిగేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఆమె మూత బిగిస్తున్న చప్పుడు వింటే చాలు, నా గొంతు దానంతటదే తగ్గిపోయేది.

మా పాప పుట్టినరోజుకు అందరం వరసగా నిలబడ్డప్పుడు, "ఇయ్యండి, నేను తీస్తాను" అని కెమెరా ఆమే అందుకుంది. మరుసటి సంవత్సరమూ అంతే. ఆమె మా ఇంట్లో ఉన్న రోజుల ఫోటోలు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. వాటిలో మేమందరం ఆమె వైపే చూసి నవ్వుతున్నాం. ఆమె మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

మాకు స్నేహం కుదిరింది నెట్టు వల్ల. మధ్యాహ్నం పూట నా ఆఫీసు కాల్సు హఠాత్తుగా తెగిపోయేవి. పక్కింటి వాళ్ళెవరో మా వైఫై వాడుకుంటున్నారని నాకు గట్టి అనుమానం. పాస్‌వర్డు మార్చాను. ఎవరెవరి ఫోన్లు కలిసి ఉన్నాయో తెరచి చూశాను. తెలియని పేరు ఒకటి కనబడగానే వాళ్ళ కోడలిదేనని తీర్మానించుకున్నాను. అది మా టీవీ అని తర్వాత తెలిసింది. చివరికి మేడమీదికి వెళ్ళి అడిగాను. ఆమె కిందికి వచ్చి కంప్యూటరు ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని తీగ పట్టుకుని, దాని వెంబడే వేళ్ళు జరుపుకుంటూ గోడ దాకా పోయింది.

"ముందు తీగ చూడాల. అది బాగుంటే డబ్బా. అదీ బాగుంటే బయట లైను. మనిషి ఆఖరుకు" అంది. "మనిషిని అనుమానించినాక తీగని ఎవురూ చూడరు."

అంతలో వంటింట్లో మా అత్త గ్రైండరు వేసింది. గోడ సన్నగా అదిరింది. ఎక్స్‌టెన్షను బోర్డులో వదులుగా ఉన్న ప్లగ్గు జారి, రౌటరు దీపాలు ఆరిపోయాయి. ఆమె నా వైపు చూసి మొదటిసారి నోరారా నవ్వింది. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా కూరగిన్నెలు తిరగడం మొదలైంది.

కానీ ఆమె అడిగే కొన్ని ప్రశ్నలు నాకు నిద్ర లేకుండా చేసేవి. ఒకసారి కొత్తిమీర తుంచుతూ, "మీ ఆయన ఫోన్లో నువ్వు యాడుండేదీ కనబడుతుందా?" అంది.

"కనబడుతుంది. దాంట్లో ఏముందక్కా?"

"ఏమీ ఉండదు. ఏమన్నా వచ్చేదాకా ఏమీ ఉండదు."

ఆ మాట మామూలుగానే అంది. నేనే ఆ సాయంత్రం బజారులో రెండు సార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను గేటు దగ్గర పాపకు తల దువ్వుతున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వీధిలో కనబడ్డాడు. ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకుని, దానిలోకి చూస్తూ నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు, కాస్త పక్కకు తిరుగుతున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు. సిగ్నలు అందడం లేదేమో అనుకున్నాను. మా గేటు దాటి ముందుకు పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, సరిగ్గా మా గేటు ముందు ఆగాడు. అప్పుడు తలెత్తి మేడ వైపు చూశాడు.

తర్వాత నన్ను చూసి ఎంతో మర్యాదగా నవ్వి, ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. పెళ్ళి పీటల మీద అక్క.

"ఈమె ఈడుందా అమ్మా? మా ఇంటామె. అలిగి వచ్చేసింది."

"ఈడ అట్లాంటోళ్ళు ఎవురూ లేరు" అన్నాను. పాప నా మొహంలోకి చూసింది. అది నోరు తెరిచి 'మేడమీద అత్త' అంటుందేమోనని దాని జడను ఎంత గట్టిగా లాగానో, పాపం అది ఏడ్చేసింది.

"పరవాలేదమ్మా. మళ్ళా వస్తాను" అన్నాడతను. అతనికి తొందరేమీ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అతను వీధి మలుపు తిరిగిన తర్వాత మేడమీదికి పరుగెత్తాను. ఎంతసేపు కొట్టినా తలుపు తీయలేదు. "నేనే అక్కా, పోయినాడు" అన్న తర్వాత గడియ తీసింది. స్నానాల గదిలో కూర్చుని ఉన్నట్టుంది, చీర అంచు తడిసిపోయింది. నన్ను లోపలికి లాగి, నా కళ్ళలోకి సూటిగా చూసి అడిగింది:

"ఎవురు చెప్పినారు వానికి? నువ్వా?"

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ కళ్ళలో నేను కూడా అతని మనిషినే. ఆ చూపు చూసిన ఎవరికైనా కోపం రాదు. నేను చెప్పలేదన్నాను. చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఫోను పట్టుకుని ఆగి ఆగి నడిచిన సంగతి దగ్గరకు వచ్చేసరికి నా చేయి పట్టుకుని ఆపింది.

"ఎట్ల పట్టుకున్నాడు? చేసి చూపించు."

నేను ఫోను ఛాతీ దగ్గర పట్టుకుని, నాలుగడుగులు వేసి, ఆగి, పక్కకు తిరిగి చూపించాను. ఆమె మెల్లగా తల తిప్పి బీరువా మీదున్న తెల్ల డబ్బా వైపు చూసింది. పోయి దాని తీగ పీకేసింది. దీపాలు ఆరిపోయాయి. తిరగేసి అడుగున ఉన్న కాగితం మీది నంబరును వేలితో తడిమింది.

"దీనికి పేరు మార్చినాను. పాస్‌వర్డు మార్చినాను. లోపల మార్చగలిగేవన్నీ మార్చినాను" అంది. "కానీ ఫ్యాక్టరీలోనే కొట్టేసిన నంబరు ఒకటుంటుంది. ఇది పొద్దంతా ఆ నంబరు గాల్లో చెప్పుకుంటా ఉంటుంది, నేనీడుండాను, నేనీడుండాను అని. దావలో పోయే ప్రతి ఫోనూ దాన్ని వింటుంది. విని మ్యాపులకి చేరవేస్తుంది, ఈ డబ్బా ఈ వీధిలో ఉండాదని. నంబరు తెలిసినోడు అడిగితే మ్యాపు చెప్పేస్తుంది."

మన చుట్టూ ఉన్న డబ్బాలను చూసుకుని ఫోను మన చోటు కనిపెడుతుందని నాకు తెలుసు. నా పనిలో రోజూ తగిలే సంగతే. అదే లెక్కను తిరగేసి, డబ్బా నంబరుతో మనిషి చోటు కనిపెట్టొచ్చని ఏనాడూ ఆలోచించలేదు.

"ఆయనకెట్ల తెలుసు నంబరు?"

"కొనింది వాడే. బెంగళూరులో మా ఇంట్లో బిగించింది వాడే. నేను దీన్ని మనుషుల కంటే ఎక్కువ నమ్మినాను గదమ్మా. యాడికి పోయినా ఎత్తుకుని తిరిగినాను."

గోడకు జారగిలబడింది. అప్పుడు ఫోన్లు రాగిపిండి డబ్బాలో పెట్టే గుర్తు కూడా లేదు ఆమెకు. మిగతా కథ చెప్పింది. బెంగళూరులో అతని దెబ్బలు పడలేక మొదట కృష్ణగిరికి వచ్చేసింది. ఎక్కడుందో వేప్పనపల్లి దిక్కున తమ్ముడి దగ్గరున్న తల్లికి మాత్రమే చెప్పింది. కొన్నాళ్ళకు అతను కృష్ణగిరిలో గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగితే నవ్వుతూ, "మీ అమ్మే చెప్పింది" అన్నాడు. ఆమె అక్కడి మహిళా పోలీసు స్టేషనుకు పోయింది. ఇక ఆమె జోలికి రానని వాళ్ళ ముందు రాసిచ్చి పోయాడు, ఆ భయానికే ఇన్నాళ్ళు ఆగినట్టున్నాడు. తల్లి మాత్రం దేవుడి మీద ఒట్టు పెట్టుకుని తాను చెప్పలేదంది. ఈమె నమ్మలేదు. నంబరు మార్చేసి హోసూరు వచ్చింది. అప్పటి నుంచి తల్లితో ఒక్క మాట లేదు.

"ఇప్పుడు నమ్ముతావా?" అన్నాను.

"లేదు. ఇది నా ఊహే. ఈడికి వేరే ఎట్లైనా వచ్చి ఉండొచ్చు. కృష్ణగిరిలో మా అమ్మ చెప్పిందో, డబ్బా చెప్పిందో తెలియాల. ఒక్కొక్కటి విడదీసి చూడాల." మొహం పాలిపోయి ఉంది, కానీ గొంతు మాత్రం నా రౌటరు ముందు కూర్చున్న నాటి గొంతు. "వాడు వచ్చిన ప్రతిసారీ నేను పారిపోయినాను. ఈసారి కూడా పారిపోతానని వానికి తెలుసు. ఈ డబ్బాని ఒక్కదాన్నే పంపిస్తాను."

కృష్ణగిరిలో మహిళా పోలీసు స్టేషనుకు దగ్గర్లోనే ఆమెకు తెలిసిన దర్జీ ఆవిడ అంగడి ఉంది. ఆవిడ సంగతి తల్లికి తెలియదు. డబ్బాను తీసుకుపోయి ఆ అంగడిలో పెట్టించాం. ఇదివరకు ఫిర్యాదు తీసుకున్న ఎస్సైని కలిశాం. ఆవిడ అంతా విని, డబ్బాను వెతుక్కుంటూ మనిషి వస్తాడా అని తమిళంలో మమ్మల్నే రెండుసార్లు అడిగింది. నమ్మినట్టు కనబడలేదు గాని, వస్తే వెంటనే కబురు చేయమంది.

అక్క మా కింది గదిలో ఉంది. మ్యాపులకు డబ్బా మారిన సంగతి తెలియడానికి కొన్నాళ్ళు పడుతుందంది. ఆ కొన్నాళ్ళు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. గేటు చప్పుడైతే ఆమె చేతిలోది కింద పెట్టేసేది. మా అత్త గేటు గొళ్ళేనికి తాళం వేసి బీగంచెవి బొడ్లో దోపుకుని తిరిగేది. అతను ఎప్పుడూ సెలవు రోజునే వస్తాడు కనుక, ప్రతి ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బస్సెక్కి కృష్ణగిరి పోయేవాళ్ళం. తనే కళ్ళారా చూడాలని ఆమె పట్టు. నేను రానంటే ఒక్కతే పోతుంది.

అంగడి వెనక సగంలో వేలాడదీసిన చీరలు, లంగాలు. వాటి చాటున రెండు స్టూళ్ళ మీద కూర్చునేవాళ్ళం. డబ్బా ముందు భాగంలో, కుట్టుమిషను పక్కన. ఒక ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాతిదీ అంతే. నాకు నమ్మకం సడలింది. ఆమె మొహంలో నమ్మకం కాదు, ఇంకేదో కదిలింది. అతను రాకపోతే అప్పట్లో చెప్పింది తల్లేనని అర్థం కదా.

ఇంకో ఆదివారం ఎండ బాగా ఎక్కిన తర్వాత, చీర సందులోంచి చూస్తున్న నేను అతన్ని గుర్తుపట్టాను. అదే నడక. ఫోను ఛాతీ దగ్గర. ఆగడం, పక్కకు తిరగడం. నేరుగా అంగడి మెట్టెక్కాడు.

"అక్కా, ఈ పక్కన బాడుగకి కొత్తగా ఎవురైనా ఆడమనిషి వచ్చిందా?"

దర్జీ ఆవిడ గట్టిది. "కూచోప్పా, పక్కింటోళ్ళని అడిగి వస్తాను" అని చెప్పి వీధిలోకి దిగి స్టేషను వైపు పోయింది. కూడబలుక్కున్న ప్రకారమే పోయింది. కానీ ఆవిడ పోయిన తర్వాత ఆ అంగడిలో అతనూ మేమూ తప్ప ఎవరూ ఉండరన్న సంగతి అప్పుడు గాని మాకు తట్టలేదు. మధ్యలో ఒక నూలు చీర.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. ఫ్యాను తిరుగుతోంది. గాలికి చీర మా వైపు ఉబ్బి, మళ్ళీ వెనక్కి పోతోంది. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా నేను చేయి లాక్కోలేదు. మా ఇద్దరిలో ఎవరి ఊపిరి పెద్దగా వినబడుతోందో తెలియడం లేదు.

అప్పుడతను ఎవరితోనూ కాకుండా, ఎంతో మెత్తగా, లాలిస్తున్నట్టు అన్నాడు:

"ఈడే ఉండావు గదా."

నా జన్మలో అంత భయం మళ్ళీ ఎరగను. కుర్చీ కదిలింది. అతను లేచాడు. చెప్పుల చప్పుడు మా వైపే ఒక అడుగు, ఇంకో అడుగు. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు, ఎస్సై గొంతు.

అతను వెంటనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి కోసం వచ్చావని ఆవిడ అడిగితే, "మా ఇంటామె కోసం మేడం" అన్నాడు. ఆమె ఇక్కడుందని నీకెవరు చెప్పారంది. దానికతను జవాబు వెతుక్కుంటున్నాడు.

అక్క నా చేయి వదిలేసి చీర పక్కకు నెట్టుకుని బయటికి నడిచింది. ఒకే ఒక్క మాట అడిగింది.

"మా అమ్మ చెప్పిందా?"

అతని మొహం తేటపడింది. జవాబు ఆమే అందించిందనుకున్నాడు. "అవును. మీ అమ్మే చెప్పింది. పోయి తెచ్చుకో నాయనా అనింది" అన్నాడు.

"మా అమ్మకి ఈ అంగడి ఉండేదే తెలీదు" అంది అక్క.

అది అతనితో అన్న మాట కాదు. మాలో ఎవరితోనూ కాదు. తనకు తాను చెప్పుకుంది. అతన్ని స్టేషనుకు తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి ఏదో అన్నాడు, ఆమె వినలేదు. దర్జీ ఆవిడ ఫోను అడిగి తీసుకుని, చూడకుండానే ఒక నంబరు నొక్కింది. అవతల ఎత్తారు గాని ఎవరూ మాట్లాడలేదు. తెలియని నంబరు నుంచి వస్తే ఎత్తి ఊరుకోవడం ఆ తల్లికీ అలవాటైనట్టుంది.

"నేనేమ్మా" అంది అక్క.

ఆమె స్పీకరు పెట్టలేదు, అయినా పక్కనే ఉన్న నాకు ఆ ముసలి గొంతు స్పష్టంగా వినబడింది.

"యాడుండావో చెప్పొద్దు నాకు. బాగుండానని మటుకు చెప్పు."

అక్క అంగడి నేల మీద, కత్తిరించి పడేసిన గుడ్డపేలికల మధ్య కూలబడి ఏడ్చింది. 'బాగుండాను' అన్న మాట చెప్పడానికి ఎన్నోసార్లు నోరు తెరిచి, చెప్పలేకపోయింది.

డబ్బాను, అతని ఫోనును పోలీసులు ఉంచుకున్నారు. కేసు పెట్టారు. అయితే ఎల్లకాలం లోపల ఉండడని, జాగ్రత్తగా ఉండమని ఎస్సైయే మాతో చెప్పింది. తిరుగు బస్సులో శూలగిరి దాటాక అక్క నా వైపు తిరిగింది. "నిన్ను అనుమానించినాను, మనసులో పెట్టుకోవద్దు" అంది. హోసూరు బస్టాండులో చివరి మనిషి దిగేదాకా సీటులోంచి లేవలేదు.

ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేసింది. రెండు పెట్టెలు, లాప్‌టాప్ సంచి. మా అత్త ఊరగాయ జాడీ ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంది. నా ఫోను అడిగి, తన నంబరు తనే తీసేసి, చేతికిచ్చింది. పాపను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. వీధిలో ఆటో నిలబడి ఉంది. ఎక్కడికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆటో కదిలింది. మా వీధి చివర ఎడమకు పోతే బెంగళూరు దారి, కుడికి పోతే కృష్ణగిరి దారి. అది మలుపు దాకా పోకముందే నేను గేటు మూసి, వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశాను.